ఇరవై రెండో నంబరు సాకెట్

"సాయంత్రం ఐదింటికి వీన్ని మేజిస్ట్రేట్ ముంగట నిలబెడ్త. ఆ తర్వాత మీరేం చెప్పినా కోర్టుకు చెప్పుకోవాలె, నాకు కాదు."

పెద్దపల్లి సర్కిల్ ఇన్‌స్పెక్టర్ జలపతిరావు ఆ మాట అని ఫైలు మీద లాఠీ అడ్డంగా పెట్టాడు. గోడ గడియారం తొమ్మిదిన్నర చూపిస్తోంది. మే నెల ఎండ అప్పటికే కిటికీలోంచి బల్ల మీదికి ఎక్కింది.

లింగమూర్తి కుర్చీలో కూర్చోకుండానే అన్నాడు. "అయితే నాకు ఏడున్నర గంటలున్నయ్."

"ఏడున్నర గంటలల్ల ఏం చేస్తరు?"

"ముందుగాల కారు కిందికి దూర్త."

జలపతిరావు నవ్వాడు. లింగమూర్తి నవ్వలేదు. పన్నెండేళ్లు మోటారు వాహనాల ఇన్‌స్పెక్టరుగా చేసిన మనిషి అతను. జనం నోట బ్రేక్ ఇన్‌స్పెక్టర్. ఒకనాడు ఎండ మండిపోతోందని, వంగి చూడకుండానే ఒక బస్సుకు ఫిట్‌నెస్ సంతకం పెట్టాడు. నెల తిరక్కుండా ఆ బస్సు బ్రేకులు పడక చెరువు కట్ట మీంచి దిగిపోయింది. నలుగురు పోయారు. కాగితాలన్నీ సక్రమంగా ఉండటంతో అతన్ని ఎవరూ పల్లెత్తు మాట అనలేదు. రాజీనామా మాత్రం తనకు తానే రాసిచ్చి వచ్చాడు. అప్పట్నుంచి కరీంనగర్‌లో ఒక గది అద్దెకు తీసుకుని, ఎవరైనా వచ్చి అడిగితే ఇలాంటి కేసులు చూసిపెడుతున్నాడు. ఏ బండి కేసైనా కిందికి దూరి చూడకుండా ఒక్క మాట మాట్లాడడు.

ఈసారి అతన్ని పిలిచింది చనిపోయిన మనిషి భార్య.

ఆ మనిషి పేరు హనుమండ్లు. ఊరు మంచిర్యాలకు దగ్గరే. పదిహేనేళ్లు షార్జాలో గ్యారేజీ పని చేసి, పోయినేడు తిరిగి వచ్చేటప్పుడు తాను నడుపుకున్న పాత జపాను కారును ఓడ మీద బొంబాయిలో దించి ఇంటికి తెచ్చుకున్నాడు. సోమవారం పగలు పదకొండున్నరకు ఆ కారులోనే ఒక్కడూ కరీంనగర్‌కు బయల్దేరాడు. పెద్దపల్లికి ముందున్న రైల్వే గేటు పన్నెండూ నలభై ఎనిమిదికి పడింది. ఒకదాని వెనక ఒకటి రెండు బొగ్గు గూడ్సులు పోయాయి. గేటు మళ్లీ లేచింది ఒంటిగంటా ముప్పై మూడుకు. వెనక లారీలవాళ్లు హారన్లు కొడుతున్నా కారు కదల్లేదు. ఇంజను నడుస్తోంది, ఏసీ నడుస్తోంది, అద్దాలన్నీ ఎక్కించి ఉన్నాయి. హనుమండ్లు స్టీరింగు మీద తల వాల్చి ఉన్నాడు.

అందరూ ఎండదెబ్బ అనుకున్నారు. పోస్టుమార్టం చేసిన డాక్టరు మాత్రం రక్తం దానిమ్మగింజల రంగులో ఉందని రాసి, సైలెన్సర్ పొగ పీల్చి పోయాడని తేల్చాడు.

"సైలెన్సర్ గొట్టానికి బొటనేలు పట్టేంత బొక్క ఉన్నది," అన్నాడు జలపతిరావు. "గక్కడ ఉండాల్సిన ఆక్సిజన్ సెన్సర్ లేదు. పొగల గాలి ఎంత మిగిలిందో చూసి ఇంజనుకు చెప్పే సామానట అది. ఈ జిల్లాల గసొంటి కార్లు పట్టుమని పది లేవు. మూడు వారాల కింద దాన్ని మార్చింది లాకప్‌ల ఉన్న ఈ మెకానిక్ ముత్యం. పోయిన బుధవారం హనుమండ్లు వీన్ని నలుగుర్ల పట్టుకొని తిట్టిండు. కోపం పెట్టుకున్నడు, వదులు చేసి ఇడిచిపెట్టిండు. ఊడి రోడ్డు మీద పడ్డది. ఇంకేం కావాలె?"

"గేట్‌మన్ వాంగ్మూలం ఒకసారి చూస్త."

జలపతిరావు కాగితం ముందుకు తోశాడు. గేట్‌మన్ మొండయ్య చెప్పినవి ఆరు వాక్యాలే. కారు ట్రాక్టరు లెక్క చప్పుడు చేస్తుండె. ఒంటిగంటా ఇరవై అప్పుడు ఎర్ర మోటర్ సైకిల్ మీద ఒకాయన వచ్చిండు. మొఖానికి తువ్వాల కట్టుకున్నడు. కారు ఎడమదిక్కు తలుపు తీసి లోపలికి వంగిండు. మళ్లా తలుపేసిండు. గేటు తెరవకముందే వెనక్కి మళ్లి పోయిండు.

"ఈ మోటర్ సైకిలాయన ఎవరు?"

"ఎవరో ఎర్కున్నోడు పలకరిచ్చి పోయిండు."

"అర్ధగంట నుంచి పడ్డ గేటు ఇంక జరసేపట్ల లేస్తదంటే వెనక్కెందుకు మళ్లుతడు?"

"మీకు అన్నీ అనుమానాలే," అని జలపతిరావు కాగితం వెనక్కి లాక్కున్నాడు.

వరండాలో బల్ల మీద బాలలక్ష్మి కూర్చుని ఉంది. నలభై దాటని మనిషి. రెండు రోజులుగా కొంగు నెత్తి మీంచి దించలేదు. పక్కన ఆమె తమ్ముడు రాజం మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని నేల చూస్తున్నాడు. బుధవారం నాటి తిట్ల సంగతి పోలీసులకు చెప్పింది అతనే.

"ముత్యం చంపిండంటే నేను నమ్మ సార్," అంది బాలలక్ష్మి. "మా ఆయన షార్జల ఉన్నన్ని దినాలు మా మోటరు కరాబైతే, కరెంటు పోతే ఉరికొచ్చినోడు వాడు. వాని అవ్వకు నేనేం మొఖం చూపియ్యాలె?"

"ఆయన ఆ రోజు కరీంనగర్‌కు ఏం పని మీద పోతున్నడమ్మా?"

"కలెక్టరాఫీసుకు సార్. మా ఊర్ల పదకొండు మందికి దుబాయి వీసాలొచ్చినయ్. చూపియ్యుమని ఆయన కాడికి తెచ్చిండ్రు. ఆయనకు ఆ అక్షరాలు కొద్దిగ వస్తయ్ గదా. చూసిండు. పదకొండు కాయితాల మీద ఒక్కటే నంబరు. ఒక్క కాయితానికే పేర్లు మార్చి తీసిండ్రు. అవన్నీ నీలం సంచిల పెట్టుకొని పోయిండు."

"ఆ సంచి ఏది?"

"కార్ల లేదంటుండ్రు."

రాజం తల ఎత్తాడు. "గుంపుల ఎవలో ఎత్కపోయినట్టుంది సార్."

లింగమూర్తి అతన్నోసారి చూసి లాకప్ వైపు నడిచాడు.

ముత్యం ఊచలు పట్టుకుని లేచాడు. ముప్పై ఏళ్లుంటాయి. గోళ్లలో గ్రీజు ఇంకా పోలేదు.

"సెన్సర్ ఏ పానాతోని తీసినవ్?"

"ఇరవై రెండో నంబరు ఓపెన్ పానా సార్. రింగు పానా ఎక్కదు. దాని తలకాయలకెళ్లి వైరు వస్తది, వైరు కొసకు పెద్ద ప్లగ్గు ఉంటది. మీదికెళ్లి తొడిగే మామూలు సాకెట్ పానా పెడదామంటే వైరు అడ్డం."

"దానికి వేరే సాకెట్ ఉంటది."

"ఉంటదట సార్, పక్కకు చీలిక ఉన్నది. వైరు ఆ చీలికల నుంచి బయటికి వస్తదని హనుమండ్లన్న చెప్పిండు. నాకాడ యాడిది? ఓపెన్ పానా పట్టిన, మూలలు అరిగినయ్. గ్యాస్ మంట పెట్టి గొట్టం ఎర్రగ కాల్చినంక అప్పుడు కదిలింది. అడ్డమున్న రేకు సుత వంచిన."

"కొత్తది యాడ దొరికింది?"

"అన్ననే షార్జ నుంచి తెప్పిచ్చిండు. చూడి, గదే మరల చుట్టు, సరిపోయింది సార్, వైర్లు సరిపోలే. పాతదానికి మూడు వైర్లు, దీనికి ఒక్కటే. ఇది మన కారుది కాదే అన్నా అన్న. పెట్టుర చూద్దాం అన్నడు. పాత ప్లగ్గు కోసి దీనికి అతికిచ్చిన. డ్యాష్‌బోర్డు మీద ఇంజను బొమ్మ లైటు మాత్రం ఆరలే. బుధారం వచ్చి, తప్పు వైరుకు అతికిచ్చినవురా బేకూఫ్ అని తిట్టిండు." ముత్యం గొంతు తగ్గింది. "పోయేటప్పుడు చాయ్ తాపిచ్చి పోయిండు సార్. గది ఎవ్వలు చెప్తలేరు."

"బిగిచ్చేటప్పుడు చూడికి ఏం పూసినవ్?"

ముత్యం అర్థంకానట్టు చూశాడు. "ఏం పూస్త సార్? ఇంజనాయిల్ రెండు చుక్కలు."

"ఇంకేం లేదు గదా? ఒట్టు?"

"నా అవ్వ మీద ఒట్టు."

కారు స్టేషన్ వెనక రేకుల షెడ్డులో ఉంది. లింగమూర్తి చొక్కా విప్పి గోనెసంచి పరుచుకుని, టార్చి లైటు పట్టుకుని కిందికి జరిగాడు. జలపతిరావు బూట్లు ఒక పక్కన వచ్చి నిలబడటం కనిపించింది.

గొట్టానికి అడ్డంగా ఉన్న రేకు వంగి ఉంది. వంచిన చోట సన్నగా తుప్పు పట్టింది. అది ముత్యం చెప్పినట్టే మూడు వారాల నాటిది. దాని పైన బొక్క. లింగమూర్తి చిటికెనవేలు బొక్కలో పెట్టి, మరల వెంట గుండ్రంగా తిప్పి బయటికి తీశాడు. వేలికి మసి అంటింది. మసి కింద ఇంకేదో ఎర్రగా తళుక్కుమంది. రాగి పొడి కలిపిన గ్రీజు. వేడికి మరలు పట్టేసుకోకుండా పూసేది. ఇంజనాయిల్ కాదు.

బయటికొచ్చి ముందు ఎడమ సీటు వెనక్కి జరిపాడు. కింద తివాసీ ఒక పక్క లేచి ఉంది. దాన్ని పూర్తిగా ఎత్తి టార్చి వేసి, "రండ్రి, చూడుండ్రి," అన్నాడు.

జలపతిరావు అయిష్టంగానే వంగాడు.

"సెన్సర్ ఊడి రోడ్డు మీద పడ్డదన్నరు. దాని వైరు ఫ్లోరుకున్న ఈ బొక్కలకెళ్లి పైకొచ్చి, సీటు కింద ఈ ప్లగ్గుకు కలుస్తది. ఊడినా వైరుకు ఏలాడాలె, లేకుంటే వైరు తెగాలె. ఇక్కడ తెగిందేం లేదు. ఎవరో నింపాదిగ ప్లగ్గు ఊడదీసి, దుమ్ము పోవద్దని దీని నోటికి టేపు చుట్టిండ్రు."

"ముత్యమే చుట్టిండు."

"ముత్యం చేతికి రాగి గ్రీజు ఎక్కడిది? వాని తర్వాత ఇంకో చెయ్యి పడ్డది దీని మీద. మంచి పని తెలిసిన చెయ్యి. ఇంకోటి చూడుండ్రి." లింగమూర్తి ఫ్లోరు బొక్క అంచును గోటితో గీకాడు. నల్లటి లప్పం జిగటగా గోటికి అంటుకుంది. "ఈడ ఒక రబ్బరు మూత ఉండె. లప్పం పెట్టి గాలి చొరకుంట మూసిండ్రు. ఇప్పుడు రబ్బరు లేదు. సైలెన్సర్‌కు బొక్క పడితే చప్పుడైతది గని మనిషి చావడు సార్. పొగ కిందికెళ్లే పోతది. ఫ్లోరుకు సుత బొక్క ఉంటే, బండి ఒక్కకాడ నిలబడితే, అద్దాలు ఎక్కిచ్చి ఉంటే అప్పుడు చస్తడు. తివాసీ లేపి రబ్బరు పీకనిది ఈ బొక్క పడదు. మూసినోడు ఒకడు, తీసినోడు ఇంకొకడు."

జలపతిరావు లేచి ప్యాంటు దులుపుకున్నాడు. "గ్రీజు, లప్పం, టేపు. వీటిని బోనుల నిలబెడుదునా? నాకు నోరున్న సాక్షి కావాలె. భూపాల్‌రావు దొర పొద్దటి సంది రెండుమాట్ల ఫోన్ చేసిండు. ఊరంత గరం మీదున్నదట, జల్ది రిమాండు చెయ్యుమంటుండు."

"ఊరు గరం మీదుంటే ఊరోళ్లు రావాలె. దొరకెందుకంత తొందర?"

"ఊరి పెద్ద. అడుగుతడు." ఇన్‌స్పెక్టర్ మొహం గట్టిపడింది. "మీరు ఒక్క సంతకం పెట్టి నలుగురిని చంపిండ్రని నాకెర్కే లింగమూర్తిగారూ. గా పాపం కడుక్కోవడానికి నా కేసు దొరికిందా?"

లింగమూర్తి చొక్కా తొడుక్కున్నాడు. గుండీలన్నీ పెట్టుకున్నాకే నోరు తెరిచాడు. "అది కడిగితే పోయేది కాదు సార్. అందుకే చెప్తున్న. చూడకుంట సంతకం పెట్టకుండ్రి."

వరండాలో బాలలక్ష్మిని ఒకటే మాట అడిగాడు. షార్జాలో హనుమండ్లుతో కలిసి గ్యారేజీలో చేసినవాళ్లు ఈ దగ్గర్లో ఎవరన్నా ఉన్నారా?

"అంబదాస్ అన్న ఉన్నడు సార్. ఆదిలాబాదాయన. మంచిర్యాల స్టేషన్ రోడ్డుల కార్ల సామాన్ల దుకాణం."

పదీ యాభై ఐదు ప్యాసింజర్ ఇంకా పోలేదు. లింగమూర్తి దాన్ని అందుకున్నాడు.

అంబదాస్ దుకాణంలో వెనక గోడ నిండా మేకులు, మేకులకు పానాలు, సైజుల వారీగా. పన్నెండూ పదికి లింగమూర్తి గడప ఎక్కీ ఎక్కగానే ఆ గోడ చూశాడు. మూడో వరసలో, నల్లటి ఉక్కుతో, పక్కన వేలెడు చీలికతో ఒక సాకెట్ వేలాడుతోంది. దాని కింద గూట్లో రాగి రంగు మూత ఉన్న గ్రీజు డబ్బా.

పొద్దుటి నుంచి వెతుకుతున్నది కళ్లెదుటే ఉంది.

"ఇరవై రెండో నంబరేనా?" అన్నాడు సాకెట్ కేసి చూపిస్తూ.

అంబదాస్ యాభై ఏళ్ల లావుపాటి మనిషి. నడుముకు బెల్టు కట్టుకుని, కుర్చీలోంచి లేవడానికి బల్ల ఆసరా తీసుకున్నాడు. మరాఠీ కలిసిన మాట అతనిది. "ఇరవై రెండే భావూ. గసొంటిది ఇక్కణ్నుంచి నాగపూర్ దాక ఇంకోటి చూపియ్, దుకాణం నీకు రాసిస్త. ఎవలు మీరు?"

లింగమూర్తి చెప్పాడు. చెబుతూ ఆ మనిషి కళ్లు చూశాడు. కళ్లలో నీళ్లు తిరిగాయి తప్ప బెదురు లేదు.

"దీంతోని మనిషిని చంపినోన్నైతే దీన్ని గోడకు ఏలాడేసుకుంటనా భావూ?" అని అంబదాస్ సొరుగు లాగి, గుడ్డలో చుట్టిన వస్తువు తీసి బల్ల మీద పెట్టాడు. గుడ్డ విప్పాడు. ఒంటి వైరు సెన్సర్. ఆరు మూలలూ పదునుగా, ఒక్క గీత లేకుండా ఉన్నాయి. వైరు కొసకు ముత్యం అతికించిన పాత ప్లగ్గు.

"ఇది మీకాడికి ఎట్ల వచ్చింది?"

"గురువారం. పట్టపగలు, ఇగో ఈ దుకాణం ముంగట. ముత్యాన్ని ఊర్కె తిట్టిన అంబదాస్, తప్పు వానిది కాదు, సామానుది అని వచ్చిండు హనుమండ్లు. మన పెట్రోల్ల సీసం ఉంటది భావూ, మంచి సెన్సర్‌నే తినేస్తది. ఇది మంచిది సుత కాదు, వేరే కారుది. చూడి ఒక్కటైతే సరిపోదు, వైర్లు కలవాలె, లోపల వేడిచేసే తీగ ఉండాలె. నా సాకెట్ పట్టుకొని కింద పండుకొని తనే తీసిండు. రెండు నిమిషాల్ల వచ్చింది. దీన్ని నమూనాకు ఉంచుకో, షార్జకు పోయేటోళ్లు ఉంటే సరైనది తెప్పియ్ అన్నడు."

"బొక్క?"

"మూసినం. పాత ట్రాక్టరు స్పార్క్ ప్లగ్గు ఒకటుండె, అదే చూడి. రాగి గ్రీజు పూసి ఎక్కిచ్చినం. వైరు పోయే రబ్బరుకు బొక్క ఉంటది గదా, దాన్ని సుత లప్పం పెట్టి మూపిచ్చిన. పైన మూత భద్రంగుంటే కింద ప్లగ్గు పోయినా ఫికర్ లేదు, చప్పుడైతది గంతే అని చెప్పిన."

లింగమూర్తి సెన్సర్‌ను చేతిలోకి తీసుకుని చాలాసేపు చూశాడు. జలపతిరావు మెకానిక్ కోసం వెతికాడు, దొరికాడు. తాను సాకెట్ కోసం వెతికాడు, దొరికింది. ఇద్దరి వెతుకులాటా ఒకలాంటిదే. సెన్సర్ తీయడానికి ఈ సాకెట్ కావాలి, నిజమే. కానీ సోమవారం నాటికి అక్కడ సెన్సరే లేదు. ఉన్నది పాత స్పార్క్ ప్లగ్గు. దాన్ని తీయడానికి ప్రతి రైతు ఇంట్లో, ప్రతి మోటర్ సైకిల్ సంచిలో ఉండే పానా చాలు. రబ్బరు పీకడానికి అదీ అక్కర్లేదు.

"ఆ ప్లగ్గు బిగిచ్చింది ఎవరు? మీరా?"

"నా నడుము వంగుతదా భావూ? ఆయన బామ్మర్దే కింద పండుకొని బిగిచ్చిండు. నేర్చుకోర, రేపు నీకే పనికొస్తది అని హనుమండ్లు పక్కన కూసొని అన్నీ చెప్పిండు. రబ్బరు ఎందుకు మూయాలె, పొగ లోపలికొస్తే మనిషికి ఏమైతది, అన్నీ."

తిరుగు బండిలో లింగమూర్తికి కూర్చోను చోటు దొరికింది. సెన్సర్ గుడ్డలో చుట్టి జేబులో ఉంది. గేటు దగ్గర కారు ట్రాక్టరులా చప్పుడు చేస్తోందన్న గేట్‌మన్ మాట గుర్తొచ్చింది. పదిహేనేళ్లు గ్యారేజీలో చేసిన మనిషికి ఆ చప్పుడేమిటో తెలియకపోదు. ప్లగ్గు పడిపోయిందని తెలిసే ఉంటుంది. రబ్బరు ఉంది కదా, కరీంనగర్‌లో ఇంకోటి బిగించుకుందామనుకుని ఉంటాడు. తాను దగ్గరుండి మూయించింది మూసినట్టే ఉందని నమ్మి, ఏసీ పెంచుకుని కూర్చున్నాడు.

మూడూ నలభైకి అతను స్టేషన్‌లో అడుగుపెట్టేసరికి జలపతిరావు గదిలో మధ్యలో ఇంటికి వెళ్లి, పోలీసుల కబురుతో మళ్లీ వచ్చిన బాలలక్ష్మి, రాజం ఎదురుగా కూర్చుని ఉన్నారు. రిమాండు కాగితాలు బల్ల మీద సిద్ధంగా ఉన్నాయి. లింగమూర్తి సెన్సర్‌ను వాటి పక్కన పెట్టి, అంబదాస్ చెప్పింది ఇన్‌స్పెక్టర్‌కు చెప్పాడు. ప్లగ్గు బిగించిందెవరో మాత్రం చెప్పలేదు.

తర్వాత రాజం వైపు తిరిగాడు.

"తమ్మీ, నీకు కారు పని వస్తదా?"

"రాదు సార్. మోటర్ సైకిలొక్కటే."

"గురువారం మంచిర్యాలకు పోయినవా?"

"పోలే సార్."

బాలలక్ష్మి తమ్ముడి వైపు చూసింది. "పోయినవ్ గదరా. బావ ఎంబడి పోయినవ్. వచ్చేటప్పుడు నాకు మామిడికాయలు తెచ్చిండ్రు."

రాజం పెదాలు తడుపుకున్నాడు. "ఆఁ… యాదిమర్చిన. పోయినం. గని నేను కారు కిందికి పోలే."

"కారు కిందికి పోయినవా అని నేను అడగలే," అన్నాడు లింగమూర్తి.

ఆ మాట విన్నాక జలపతిరావు కలం కింద పెట్టాడు. బాలలక్ష్మి మాత్రం తమ్ముడి మీంచి చూపు తిప్పలేదు. ఏదో ఒక్కొక్కటే గుర్తొస్తున్నట్టు మెల్లగా మాట్లాడింది.

"సోమారం పొద్దుగాల బావ స్నానం చేస్తున్నప్పుడు నువ్వు కారు కింద పండుకున్నవ్. ఏందిరా అంటే ఆయిల్ కారుతుంది, చూస్తున్న అన్నవ్. తర్వాత ముందల సీట్ల కూసొని తివాసీ దులిపినవ్. ఎన్నడు లేంది వీడు కారు తుడుస్తుండేందని నేను మురిసిన."

"అక్కా…"

"గా కాయితాలు తెచ్చిచ్చిన ఏజెంటు ఎవలో బావ నాకు చెప్పలే. పదకొండు ఇండ్లకు తిరిగింది నువ్వేనారా?"

రాజం కుర్చీలోంచి జారి ఆమె కాళ్ల దగ్గర కూలబడ్డాడు. "చావాల్నని చెయ్యలే అక్కా! నా పేరు కలెక్టర్ కాడికి పోతదని భయమైంది. ప్లగ్గు రెండు చుట్లు వదులు చేసిన, రబ్బరు తీసిన. తల తిరిగి యాడన్న ఆపి పండుకుంటడు, సంచి తీసుకుందామనుకున్న. గంతే అక్కా. ఒట్టు."

బాలలక్ష్మి కాళ్లు వెనక్కి తీసుకోలేదు. ముందుకూ వంగలేదు.

జలపతిరావు ఫైలు తెరిచాడు. పొద్దున తాను వెనక్కి లాక్కున్న కాగితాన్నే తీసి, కళ్లద్దాలు పెట్టుకుని ఒక వాక్యం దగ్గర వేలు ఆనించాడు. అప్పటిదాకా ఉన్న దర్పం ఆ గొంతులో లేదు. "ఒంటిగంటా ఇరవై. ఎడమ తలుపు తీసిండు. లోపలికి వంగిండు. మళ్లా తలుపేసిండు." తల ఎత్తాడు. "అప్పటికి మీ బావ బతికే ఉన్నడా?"

రాజం అక్క చీర అంచు పట్టుకున్నాడు.

"నిన్నే అడుగుతున్న. ఉన్నడా?"

"కండ్లు తెరిచే ఉన్నయ్ సార్. నన్ను చూసిండు. మాట రాలే."

బాలలక్ష్మి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. కాసేపటికి కొంగు తీసి, తమ్ముడి గడ్డం పట్టుకుని మొహం పైకెత్తింది. చిన్నప్పుడు అన్నం తినిపించేటప్పుడు పట్టుకున్నట్టే పట్టుకుంది.

"సంచి తీసుకున్నవ్. సరే. తలుపు ఎందుకేసినవ్ రా? తెరిచి ఇడిచిపెడితే గాలన్న తగులుతుండె గదా. బతుకుతుండె గదరా నీ బావ."

"ఇడిచిపెడ్దామనే అనుకున్న అక్కా!" రాజం ఏడుపు బొంగురుగా బయటికొచ్చింది. "కారెనక లారీ ఉండె. లారీ ఎనక దొర జీపు ఉండె. దొర దిగి నిలబడి చూస్తుండు. తలుపెయ్ అని చెయ్యి ఊపిండు. ఏసిన."

"ఏ దొర?" అన్నాడు జలపతిరావు, తెలిసి కూడా.

"భూపాల్‌రావు దొర. వీసాలు ఆయన బొంబాయి నుంచి తెప్పిచ్చినయే సార్. నేను తిరిగి ఇచ్చినోన్ని అంతే. సంచి సుత ఆయన చేతికే ఇచ్చిన."

ఇన్‌స్పెక్టర్ రిమాండు కాగితాలను మధ్యకు చింపాడు. "ముత్యాన్ని బయటికి తీయుండ్రి!" అని వరండాలోకి కేకేశాడు. తర్వాత లింగమూర్తి వైపు తిరిగి, కళ్లలోకి చూడకుండా అన్నాడు. "సంచి పోయింది. అసలు కాయితాలు ఆయన ఇప్పటికే కాలవెట్టి ఉంటడు. వీని నోటి మాట మీద దొరను పట్టుకుంటే కోర్టు నన్ను నవ్వులపాలు చేస్తది."

"జిరాక్సులున్నయ్ సార్," అంది బాలలక్ష్మి.

ఇద్దరూ ఆమె వైపు తిరిగారు.

"మా ఆయన పదకొండిటికీ జిరాక్సులు తీసి, ఎవరెవరి కాయితం ఎవలు తెచ్చిండ్రో రాసి సందుకల పెట్టిండు. వాళ్ల అసలు కాయితాలు ఏమైనయని ఆ పదకొండు మంది ఇప్పుడు మా ఇంటి ముంగటనే కూసొని ఉన్నరు. వాళ్లకు ధైర్యం చెప్త అని దొర మధ్యాహ్నం మా ఇంటికొచ్చిండు." ఆమె లేచి నిలబడింది. "ఏమన్న రాతకోతలు ఉంటే చూపియ్యి బిడ్డా, కలెక్టర్‌తోని నేను మాట్లాడ్త అన్నడు. మీరు పిలిచిండ్రని ఆగమాగం వచ్చిన సార్. సందుక తాళంచెవి నేనే ఆయన చేతుల పెట్టొచ్చిన."

లింగమూర్తి గడియారం చూశాడు. మూడూ యాభై ఎనిమిది. జలపతిరావు అప్పటికే టోపీ అందుకుని జీపు వైపు పరుగెత్తుతున్నాడు.